పవిత్ర బృందగానం పాడేవారిని, వినేవారిని అంతగా ఎందుకు కదిలిస్తుంది?

చర్చి బృందగానం విశ్వాసం లేనివారిని సైతం కంటతడి పెట్టించడానికి మొదటి కారణం ఊపిరేనని నా అభిప్రాయం. సుదీర్ఘ స్వరాన్ని ఒక్కరి శ్వాస మోయలేదు కనుక గాయకులు వంతులవారీగా ఊపిరి తీసుకుంటూ నాదం తెగకుండా నిలుపుతారు. అప్పుడు తన గొంతు ఎక్కడ ఆగి, పక్కవారిది ఎక్కడ మొదలైందో గాయకునికే తెలియదు. కలిసి పాడేవారి గుండె లయలు ఒకదానితో ఒకటి పొందికగా మారతాయని 2013లో స్వీడన్ పరిశోధకులు చూపారు.

శ్రోతకు రాతి కట్టడమే మరో గొంతు. పెద్ద కథీడ్రళ్లలో ప్రతిధ్వని కొన్ని సెకన్లు నిలుస్తుంది కాబట్టి, ఒకదానితో ఒకటి పొసగక ఒరుసుకున్న స్వరాలు నెమ్మదిగా సామరస్యంలోకి జారినప్పుడు కలిగే ఊరట రెట్టింపవుతుంది. ఇంగ్లండ్ స్వరకర్త థామస్ టాలిస్ 16వ శతాబ్దంలో 40 వేర్వేరు గొంతులకు రచించిన ‘స్పెమ్ ఇన్ ఏలియమ్’ అనే లాటిన్ భక్తిగీతంలో, అందరూ ఒక్కసారిగా అందుకునే ఘట్టాల్లో, ఆ నాదం మనిషిని నలువైపులా కమ్ముకుంటుంది.