ముందు ఆ నిచ్చెన సంగతి చెప్పు

చిరంజీవికి,

కుంగ్‌ఫూ హాస్య చిత్రాల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘కడుపుబ్బ నవ్విస్తుంది’ అన్న మాట అయిదుచోట్ల ఉంది. నాకు ఒక్కసారీ నవ్వు రాలేదు. నవ్వు వస్తుందని నువ్వు హామీ ఇవ్వనక్కర్లేదు. గదిలో బల్ల ఎక్కడుందో, దాని కోడు ఎవడి మోకాలికి తగిలిందో చెప్పు, చాలు.

1973లో బ్రూస్‌ లీ పోయాక హాంకాంగ్ నిర్మాతలు అతనిలాంటి వాడికోసం గాలించారు. జాకీ చాన్‌నూ అదే మూసలో పోశారు. ఆ సినిమాలు ఆడలేదు. 1978లో యూన్ వూపింగ్ తీసిన ‘డ్రంకెన్ మాస్టర్’తో దశ తిరిగింది. అందులో నాయకుడు వాంగ్ ఫేహుంగ్ నిజంగా బతికిన మనిషి. దక్షిణ చైనాలో పేరుమోసిన గురువు, వైద్యుడు. పాత సినిమాలు ఆయన్ను ధర్మమూర్తిగా కొలిచాయి. ఇక్కడ మాత్రం సాధన తట్టుకోలేక గురువు దగ్గరనుంచి పారిపోయే ఆకతాయి! నీ వ్యాసంలో ఈ సంగతే లేదు.

బ్రూస్‌ లీ గుద్దితే నొప్పి ఎదుటివాడికే. జాకీ గుద్దితే తనకూ నొప్పే. చేయి విదిలించుకుంటాడు, ఉఫ్ఫుమని ఊదుకుంటాడు, మళ్లీ గుద్దుతాడు. మనం అతని పక్షాన చేరేది ఆ ఊదుకోవడం దగ్గరే.

జాకీ, అతని సినిమాల్లో తోటి నటులు సమ్మో హంగ్, యూన్ బియావ్ చిన్నప్పుడు ఒకే పెకింగ్ ఒపెరా (చైనా సంప్రదాయ రంగస్థల కళ) బడిలో ఏళ్ల తరబడి పాట, నటన, పల్టీలు కలిపి నేర్చుకున్నారు. ఒపెరాకు ఆదరణ తగ్గాక ఆ చదువంతా సినిమా ఫైట్లలోకి వచ్చింది. అందుకే వాళ్ల కొట్లాటకు తాళం ఉంటుంది: దెబ్బ, దెబ్బ, ఒక్క క్షణం ఆగడం, మళ్లీ దెబ్బ. నీ వాక్యాలకు ఆ ఆగడం తెలియదు. కామా వెంట కామా, ఊపిరాడదు.

‘ప్రాజెక్ట్ ఎ’ (1983)లో జాకీ గడియార స్తంభం మీదినుంచి గుడ్డ పందిళ్లు చించుకుంటూ నేలమీద పడతాడు. మూకీ సినిమాల హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ 1923లోనే గడియారపు ముల్లు పట్టుకుని వేలాడాడు. ఇతను చెయ్యి వదిలేశాడు. సినిమా చివర తప్పిన టేకులు చూపిస్తారు. వాటికి నవ్వేవాళ్లను చూస్తే ఒకప్పుడు నాకు చిరాకు. తర్వాత ఒక సినిమా తీస్తుండగా యుగోస్లావియాలో చెట్టుమీదినుంచి పడి అతని పుర్రె చిట్లింది, అదేం నవ్వులాట అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ ముక్కలకోసమే చివరిదాకా కూర్చుంటాను. ఎందుకో నువ్వే ఆలోచించి రాయి.

వ్యాసం తిరిగి పంపుతున్నాను. ‘ఫస్ట్ స్ట్రైక్’లో జాకీ నిచ్చెనతో చేసే పోరాటం ఒక్కటే తీసుకో. శబ్దం ఆపేసి మూడుసార్లు చూడు. నిచ్చెన ఎప్పుడు డాలు అవుతుందో, ఎప్పుడు తలుపు అవుతుందో, ఎప్పుడు అతని మెడకే ఉచ్చు అవుతుందో రెండు పేజీల్లో రాయి. ‘నవ్వు’ అన్న మాట ఎక్కడా వాడకు. వచ్చే నెలలోగా పంపితే చాలు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు