జ్వరం ‘నాటకీయంగా’ తగ్గుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతోంది. అనువాదం కోసం ఇచ్చిన ఒక ఇంగ్లిషు వాక్యాన్ని ‘మందు వేసిన తరువాత రోగికి జ్వరం నాటకీయంగా తగ్గింది’ అని రాస్తే, లెక్చరర్ గారు ‘నాటకీయంగా’ కింద ఎర్రగీత గీశారు. డ్రమాటికల్లీకి నిఘంటువులో ఆ అర్థమే ఉందని అమ్మాయి అంటోంది. అసలు ఆ మాటను ఎలా అర్థం చేసుకోవాలి? డ్రాస్టికల్లీ అన్నా అదేనా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: అమ్మాయి నిఘంటువు చూసే రాసింది కనుక తప్పంతా ఆమెది కాదమ్మా. అయినా ఎర్రగీత పడవలసిన చోటే పడింది.

డ్రామా గ్రీకు నుంచి వచ్చిన మాట. ‘చేయడం’ అనే ధాతువు నుంచి పుట్టింది కాబట్టి దానికి మొదటి అర్థం క్రియ, చేత. మన నాటకం ‘నట’ ధాతువుకు సంబంధించినది. అందులో ఆడటం, అభినయించడం ఉన్నాయి. అందుకే తెలుగులో ‘వాడు నాటకాలాడుతున్నాడు’ అంటే లేనిది ఉన్నట్టు నటిస్తున్నాడని అర్థం చేసుకుంటాం. ఇంగ్లిషులో డ్రమాటికల్లీని మార్పుకు చేర్చినప్పుడు ఈ నటన ఛాయ ఏమాత్రం ఉండదు. రంగస్థలం మీద తెర లేవగానే దృశ్యం మారిపోయి కూర్చున్నవారందరి చూపూ అటే తిరిగినట్టు, చూసేవారు గమనించకుండా ఉండలేనంత పెద్ద మార్పు అని మాత్రమే భావం. జ్వరం నటించదు కాబట్టి ‘జ్వరం నాటకీయంగా తగ్గింది’ అన్న వాక్యం చదివిన తెలుగువాడికి రోగి మీదే అనుమానం వస్తుంది.

మీకు నాగావళి దగ్గరే కనుక ఆ నది సంగతే తీసుకుందాం. ఎగువన ఒడిశా కొండల్లో గట్టి వాన కురిస్తే, శ్రీకాకుళంలో చినుకు పడకపోయినా, నిన్న సాయంత్రం వంతెన మీద నుంచి ఇసుక తిన్నెలు కనిపించిన చోట తెల్లారేసరికి ఎర్రనీరు సుళ్లు తిరుగుతూ ఉంటుంది. నీటిమట్టం డ్రమాటికల్లీ పెరిగిందని ఇంగ్లిషువాడు రాసేది ఇలాంటప్పుడే. మనం ‘రాత్రికి రాత్రే’ అంటాం, ‘ఒక్కసారిగా’ అంటాం, ‘అమాంతం’ అంటాం. రెండంగుళాలు పెరిగితే ఆ మాట వాడరు. పెరుగుట, తగ్గుట, మారుట, మెరుగుపడుట వంటి క్రియలతో అది ఎక్కువగా కనిపిస్తుంది.

అయితే ‘ఒక్కసారిగా’ అన్నది అన్నిచోట్లా సరిపోదు. ముప్పయి ఏళ్లలో ఒక ఊరు డ్రమాటికల్లీ మారిందని కూడా రాస్తారు. అక్కడ వేగం లేదు, మార్పు పరిమాణమే ముఖ్యం. అప్పుడు ‘గుర్తుపట్టలేనంతగా’ అనాలి. రెండు విషయాలు డ్రమాటికల్లీ భిన్నమైనవి అన్నప్పుడైతే అసలు మార్పే లేదు, తేడా మాత్రమే ఉంది. ‘పూర్తిగా భిన్నమైనవి’ అంటే చాలు. పత్రికలు అలవాటుగా వాడే ‘గణనీయంగా’ లెక్కలకు పనికివస్తుంది గాని, కళ్లముందు జరిగిన సంగతికి చప్పగా ఉంటుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలాయి. మొక్క నాటి, నీళ్లు పోసి, కాపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన చెట్లు అవి. ఆ ప్రాంతం రూపురేఖలు డ్రమాటికల్లీ మారాయని ఇంగ్లిషులో రాస్తే ఎవరూ తప్పు పట్టరు. అదే వాక్యంలో తెలుగున ‘నాటకీయంగా’ అని రాస్తే, మొదలంటా పడిపోయిన చెట్టు పక్కన నిలబడిన రైతుకు ఆ మాట ఎలా వినిపిస్తుందో ఒక్క క్షణం ఆలోచించమని మీ అమ్మాయికి చెప్పండి. నా దృష్టిలో ఇది వ్యాకరణ దోషం కన్నా పెద్ద దోషం.

‘నాటకీయంగా’ అన్న మాటను పూర్తిగా వదులుకోనక్కర లేదు. వక్త సభలో ఒక మాట దగ్గర కావాలని ఆగి, చేయి పైకెత్తి, అందరినీ కలయజూసి మళ్లీ మొదలుపెట్టాడనుకోండి, అక్కడ డ్రమాటికల్లీకి అదే సరైన తెలుగు. రాజకీయాల్లో ‘నాటకీయ పరిణామాలు’ అనడమూ కుదురుతుంది. పాత్రలు, మలుపులు, ప్రేక్షకులు అక్కడ నిజంగానే ఉంటారు.

ఇక డ్రాస్టికల్లీ. ఇదీ ఆ గ్రీకు ధాతువు బిడ్డే, కాని వైద్యం వైపు నుంచి వచ్చింది. ఇంగ్లిషులో మొదట్లో డ్రాస్టిక్ అని గట్టి విరేచనాల మందును అనేవారు. ఆ తీవ్రత ఇప్పటికీ పోలేదు. సిబ్బందిని సగానికి తగ్గించడం, ఖర్చులకు కోత పెట్టడం వంటి కఠినమైన చర్యలకు అది సరిపోతుంది. తెలుగులో ‘తీవ్రంగా’ అనో ‘కఠినంగా’ అనో చెప్పుకోవచ్చు. మంచి మార్పుకు కూడా కొందరు దాన్ని వాడుతున్నారు గాని, పిల్లవాడి ఆరోగ్యం కుదుటపడిందని చెప్పేటప్పుడు డ్రమాటికల్లీ అనడమే మేలు.

ఉచ్చారణ గురించి మీరు అడగలేదు కాని, అమ్మాయికి పనికివస్తుంది. తెలుగులో అక్షరాలను బట్టి డ్రమాటికల్లీ అని రాసుకుంటున్నా, పలికేటప్పుడు ‘కల్లీ’ అన్న భాగం ‘క్లీ’ అయిపోతుంది. ఊనిక ‘మా’ మీద పడుతుంది.

ఆ వాక్యాన్ని ‘మందు వేశాక రోగికి జ్వరం ఒక్కసారిగా దిగిపోయింది’ అని తిరగరాయమనండి. ‘తగ్గింది’ని ‘దిగిపోయింది’గా మార్చింది కావాలనే, డ్రమాటికల్లీ మోసిన బరువులో సగం ఆ క్రియే మోస్తుంది.