స్టారా, హైఫనా? ఆ గొడవ లింటర్‌కి వదిలేయండి

ప్రశ్న: మేం ఏడెనిమిది మందిమి కలిసి ఒక సాఫ్ట్‌వేర్‌కి యూజర్ గైడ్ రాస్తున్నాం, అన్నీ మార్క్‌డౌన్ (మామూలు టెక్స్ట్‌లోనే హ్యాష్, స్టార్ లాంటి గుర్తులతో హెడింగ్‌లు, లిస్టులు రాసే పద్ధతి) ఫైళ్లే. లిస్టుకి ఒకరు స్టార్ పెడతారు, ఇంకొకరు హైఫన్. హెడింగ్ కింద ఖాళీ లైను వదిలేవాళ్లు కొందరు, వదలనివాళ్లు కొందరు. రివ్యూ అంటే ఇవే గొడవలు. ఇలాంటి తేడాలు పట్టుకునే లింటర్ మార్క్‌డౌన్‌లింట్ పెట్టి చూస్తే తెర నిండా ఎర్రర్లే, దాంతో సగం మంది ఇది మనకొద్దు అంటున్నారు. ఉంచమంటారా, తీసేయమంటారా?

జవాబు: ఉంచండి. రూల్స్ అన్నీ ఒకేసారి ఆన్ చేశారు, చిక్కంతా అక్కడే వచ్చింది. ముందు పేజీ కనిపించే తీరుని పాడుచేసే వాటిని మాత్రమే పట్టుకోండి, మిగతావి ఆఫ్ చేసి తర్వాత ఒక్కొక్కటే తెరవండి.

పేజీని పాడుచేసేవంటే ఎలాంటివో చెబుతాను. 2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్‌ని విడుదల చేసినప్పుడు, హ్యాష్ గుర్తు పక్కన స్పేస్ లేకపోయినా హెడింగ్‌గానే తీసుకునేది. 2014లో వచ్చిన కామన్‌మార్క్ అనే మార్క్‌డౌన్ ప్రమాణం మాత్రం స్పేస్ ఉండాల్సిందే అంది. అంటే స్పేస్ మర్చిపోయిన ఫైలు ఒక టూల్‌లో చక్కగా హెడింగ్‌తో వస్తుంది, ఇంకోదాంట్లో హ్యాష్‌తో సహా మామూలు లైనుగా కనిపిస్తుంది, రాసినవాళ్ల తెర మీద బాగానే ఉంది కాబట్టి వాళ్లకి ఆ సంగతి తెలియనే తెలియదు. ఇలాంటిదాన్ని మనిషి కన్ను దాటేస్తుంది, లింటర్ దాటనివ్వదు. రెండో లెవెల్ హెడింగ్ తర్వాత నేరుగా నాలుగోది పెట్టడం కూడా ఇలాంటిదే, స్క్రీన్ రీడర్‌తో (తెర మీది రాతని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదివేవాళ్లు హెడింగ్‌లు పట్టుకునే పేజీలో తిరుగుతారు, మధ్యలో మెట్టు లేకపోతే ఏదో వదిలేశామనుకుని వెనక్కి వెతుక్కుంటారు.

ఇక మీ స్టార్, హైఫన్ సంగతి. ఈ రూల్ డిఫాల్ట్‌గా చూసేది ఒక్కో ఫైల్లో ఒకే గుర్తు వాడారా లేదా అని మాత్రమే. ఒక ఫైలు మొత్తం స్టార్లు, పక్క ఫైలు మొత్తం హైఫన్లు ఉన్నా అది నోరెత్తదు. లింటర్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో హైఫన్ అనో స్టార్ అనో ఖాయంగా రాసేయండి. ఏది ఎంచుకున్నా ఒకటే, ఇక దాని మీద చర్చ ఉండకపోవడమే ముఖ్యం.

లైను పొడవు రూల్‌ని మాత్రం తెలుగులో రాసేవాళ్లు వెంటనే ఆఫ్ చేయడం మేలు. దాని డిఫాల్ట్ హద్దు 80 క్యారెక్టర్లు. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరమే, కంప్యూటర్ లెక్కలో 6 (మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుణింతం గుర్తు). చిన్న వాక్యానికే హద్దు దాటిందని అరుస్తుంది. మీ తెర నిండిన ఎర్రర్లలో ఇవే ఎక్కువ ఉండొచ్చు.

పాత ఫైళ్లకి ఆటోమేటిక్ ఫిక్స్ ఉంది, ఖాళీ లైన్లు, స్పేస్‌లు, లిస్టు గుర్తులు అదే సరిచేస్తుంది. కోడ్ బ్లాక్‌లో ఉన్నది ఏ భాషో, హెడింగ్ అసలు ఏ లెవెల్‌లో ఉండాలో మనమే చెప్పాలి. ఈ శుభ్రం చేసే పనంతా గిట్‌లో విడిగా ఒకే కమిట్‌లో (ఒక్కసారిగా నమోదు చేసే మార్పుల కట్ట) పెట్టండి, దాంట్లో ఒక్క మాట కూడా మార్చకండి, లేకపోతే అసలు మార్పు ఏదో రివ్యూ చేసేవాళ్లకి అంతుపట్టదు. ఏ లైను ఎవరు మార్చారో చూపించే గిట్ బ్లేమ్‌లో, అలాంటి కమిట్‌ని పక్కన పెట్టి చూపించే సదుపాయం 2019 నుంచి ఉంది, వాడుకోండి.

ఒక్క జాగ్రత్త. లైను చివర రెండు స్పేస్‌లు ఉంటే మార్క్‌డౌన్‌లో అక్కడ లైను విరగాలని అర్థం. లింటర్‌కి అది తెలుసు, సరిగ్గా రెండుంటే వదిలేస్తుంది. కొన్ని ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు వాటిని తుడిచేస్తాయి, అప్పుడు పద్యంలోని నాలుగు పాదాలూ కలిసిపోయి ఒకే పేరా అయిపోతాయి. స్పేస్‌లకి బదులు లైను చివర బ్యాక్‌స్లాష్ పెడితే ఆ టెన్షన్ ఉండదు, కామన్‌మార్క్ పాటించే టూల్స్ అన్నీ దాన్ని గుర్తిస్తాయి.

ప్రశ్న: ఇదే లింటర్ స్పెల్లింగ్ తప్పులు కూడా పట్టుకుంటుందా?

జవాబు: పట్టుకోదు. అది ఫైలు ఆకారాన్నే చూస్తుంది, మాటల జోలికి రాదు. ఒకే పదాన్ని ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాస్తున్నారనుకుంటే వేల్ అనే టూల్ ఉంది, ఏ మాట వద్దో, దానికి బదులు ఏది వాడాలో మీరే జాబితా రాసి ఇవ్వొచ్చు. రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు మార్క్‌డౌన్ రూల్స్ అందరికీ అలవాటు కానివ్వండి.