గుమాస్తా పుట్టించిన పెళ్లికూతురు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

షేక్‌స్పియర్ జీవితం తెలుగులో రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. ఆ నాటకాలంటే నీకు ప్రాణం. ఆధారం లేనిచోట ఆ ప్రేమే కథ అల్లేస్తుంది, అదీ నా భయం.

ముందు ఒక్కో పత్రానికి ఒక్కో కార్డు పెట్టుకో. సంఘటన తేదీ, పత్రం రాసిన తేదీ విడివిడిగా వేయి. ఎవరు, ఏ పని మీద రాశారో కూడా రాసుకో. ఆయన సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్ చర్చి రిజిస్టరులో ఉన్నది 1564 ఏప్రిల్ 26 నాటి బాప్తిస్మం; పుట్టినరోజు కాదు. ఏప్రిల్ 23 తర్వాతివాళ్ల ఊహ. పైగా ఆ పుటలు 1600 ప్రాంతంలో పాత పుస్తకం నుంచి ఎత్తిరాసినవి. అప్పట్లో ఇంగ్లండులో ఏడాది మార్చి 25న మారేది. ఆయన కవల పిల్లలు హామ్నెట్, జూడిత్‌ల బాప్తిస్మం రిజిస్టరులో 1584 ఫిబ్రవరి 2 కింద ఉంటుంది; మన లెక్కలో 1585. ఇది మరిస్తే వాళ్ల వయసు ఏడాది తప్పుతుంది.

ఇక పెళ్లి సంగతి. ఇక్కడే చాలామంది బోల్తాపడ్డారు. 1582 నవంబరు 27న వూస్టర్ బిషప్ రిజిస్టరులో ఆయన పెళ్లి లైసెన్సు నమోదైంది. వధువు టెంపుల్ గ్రాఫ్టన్‌కు చెందిన ఆన్ వేట్లీ. మర్నాటి హామీపత్రంలో మాత్రం స్ట్రాట్‌ఫర్డ్‌కు చెందిన ఆన్ హాత్‌వే. ఇంకేం, కొందరు రెండో ప్రియురాలిని సృష్టించారు, బలవంతపు పెళ్లి అన్నారు, ఆ బాధ నాటకాల్లో వెతికారు. ఆ రోజు నమోదులు మొత్తం చదివితే, విలియం వేట్లీ అనే మతగురువు దశమభాగాల (చర్చికి ఇవ్వాల్సిన పదోవంతు) దావా కనిపిస్తుంది. చేతిలో ఉన్న ఆ ఇంటిపేరు గుమాస్తా కలం నుంచి జారి పక్క నమోదులో పడి ఉంటుంది. అతను ఇతర పేర్లూ తప్పు రాశాడు. రెండు పత్రాలు పొసగనప్పుడు మూడో మనిషిని పుట్టించకమ్మా. ముందు రాసినవాణ్ణి అనుమానించు.

హామీపత్రం విలువ 40 పౌన్లు, పూచీదారులు ఇద్దరు రైతులు. చర్చిలో మూడుసార్లు చేయాల్సిన పెళ్లి ప్రకటన ఒక్కసారికి కుదించుకునేందుకు అది. డిసెంబరు 2న ఆడ్వెంట్, అంటే క్రిస్మస్ ముందరి వారాలు, మొదలైతే జనవరి దాకా ప్రకటనలకు వీల్లేదు. మొదటి కూతురు సుసానా బాప్తిస్మం 1583 మే 26న. తొందరెందుకో ఈ తేదీలే చెబుతున్నాయి. రెండో ప్రియురాలి అవసరం లేదు.

1585 నుంచి 1592 దాకా దాదాపు ఏమీ లేదు. ఆ ఖాళీని ఖాళీగానే ఉంచు. జింకల దొంగతనం కథ అచ్చయింది 1709లో, ఆయన పోయిన 93 ఏళ్లకు. దాన్ని వేరే కట్టలో పెట్టు. ఒక పుటలో ‘బహుశా’ అని రాసి, రెండు పుటల తర్వాత ఆ మాట ఎత్తేశావో, నీతో మాట్లాడను.

కోర్టు కాగితాలు విసుగని వదలకు. 1612లో లండన్‌లో ఒక కట్నం తగాదాలో ఆయన సాక్ష్యం చెప్పాడు. కట్నం ఎంతో గుర్తులేదన్నాడు. ఆ కాగితం 1909లో పరిశోధకులు వాలెస్ దంపతులు పాత దస్తావేజుల్లో వెతికి పట్టారు. నాటకంలో వేషాలు వేసుకోని ఆయన మాట అక్కడ వినిపిస్తుంది, చదివితే నీకూ కళ్లు చెమరుస్తాయి.

వీలునామాలో భార్యకు ‘రెండో మేలైన మంచం’ ఇచ్చిన వాక్యం పంక్తుల మధ్య తర్వాత ఇరికించినది. ఆ సంగతి రాయి, ప్రేమో కోపమో తేల్చకు. పెళ్లి అధ్యాయం ముందు పంపు, కార్డులతో సహా.

మీ మేనమామ