ఆఫ్రోఫ్యూచరిస్ట్ కథకి రోదసి నౌక కంటే ముందు పాత జాబితా కావాలి

"రోదసి నౌకకి నల్లజాతి కెప్టెన్‌ని పెడితే ఆఫ్రోఫ్యూచరిజం అయిపోతుందా? మొదటి కథ ఎలా మొదలుపెట్టాలి?" అని అడిగారు. అవదు. అది మామూలు సైన్స్ ఫిక్షనే, కెప్టెన్ రంగు మారిందంతే.

నల్లజాతి జనం గతాన్నీ భవిష్యత్తునీ కలిపి ఊహించే కథలకి ఈ పేరు పెట్టింది అమెరికన్ విమర్శకుడు మార్క్ డెరీ, 1993లో. గతాన్ని పనిగట్టుకుని చెరిపేస్తే, ఆ జనం భవిష్యత్తుని ఊహించుకోగలరా అని అప్పుడే అడిగాడు. మీ కథ ఆ చెరిపేసిన చోట పుట్టాలి.

అమెరికా జనాభా లెక్కల్లో 1850లో, 1860లో బానిసలకి విడి జాబితాలుండేవి. యజమాని పేరు కింద వయసు, ఆడో మగో, రంగు, అంతే. వాళ్ల పేర్లు దాదాపు ఎక్కడా ఉండవు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లలో ఎక్కువమంది మొదటిసారి పేర్లతో కనిపించేది 1870 లెక్కల్లోనే. వంశం వెతుక్కునేవాళ్లు చాలామంది అక్కడికొచ్చి ఆగిపోతారు. అలాంటి ఒక్క వరుస తీసుకోండి: "34, స్త్రీ, నలుపు". దానిమీద ఒకే ఒక్క ఊహ పెట్టండి. ఎముకలోంచి గొంతు రాబట్టే యంత్రం అనుకుందాం. ఆ గొంతు సాక్ష్యం చెబితే ఎవరి పొలం దస్తావేజు చెల్లదు, ఎవరి ఇంటిపేరు మారుతుంది, ఆ యంత్రం అద్దె ఎవరు కట్టుకోగలరు? ఈ మూడింటికీ జవాబులు రాసుకుంటే మూడు వేల మాటల కథకి సరిపోతుంది. రెండో అద్భుతం చేర్చారా, మొదటిది ఉత్త అలంకారమైపోతుంది.

యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పకపోయినా ఫరవాలేదు, నియమం మాత్రం తప్పకూడదు. ఆక్టేవియా బట్లర్ 'కిండ్రెడ్' నవల (1979)లో కథానాయిక డేనా కాలంలో వెనక్కి ఎలా వెళ్తోందో ఎక్కడా వివరించదు. కానీ పూర్వీకుడి ప్రాణం మీదికొస్తే వెళ్తుంది, తన ప్రాణం మీదికొస్తే తిరిగొస్తుంది. పాఠకుడికి ఆ లెక్క తెలుసు కాబట్టే భయపడతాడు.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఆఫ్రికాని ఒకే ఊరనుకోవడం. నైజీరియా వైపు యోరుబా దేవతలకి దక్షిణాఫ్రికా జులూ పూసలు వేసి ఈజిప్టు పిరమిడ్ల మధ్య నిలబెడతారు. ఒక జాతి, ఒక ప్రాంతం ఎంచుకుని అక్కడే ఉండండి. పేర్లయినా అంతే: కోఫీ అంటే శుక్రవారం పుట్టిన అకాన్ (ఘనా వైపు జాతి) మగపిల్లాడు. అమెరికా పాత పత్రాల్లో అది 'కఫీ'గా కనిపిస్తుంది. ఈ రెండు పేర్ల మధ్య దూరమే ఒక కథ. ఇక ఆఫ్రికాలోనే వేళ్లూనుకుని, అక్కడి చూపుతోనే నడిచే కథలకి రచయిత్రి నెడి ఓకొరాఫోర్ 'ఆఫ్రికన్‌ఫ్యూచరిజం' అని వేరే పేరు పెట్టింది. రెండూ కలిపేయకండి.

తెలుగులో రాస్తే సంభాషణ దగ్గర చిక్కొస్తుంది. నల్లజాతి అమెరికన్ల మాటలో "హీ వర్కింగ్" అంటే పనిచేస్తున్నాడు, "హీ బీ వర్కింగ్" అంటే పనిచేస్తుంటాడు. అది తప్పుల ఇంగ్లీషు కాదు, దానికో వ్యాకరణం ఉంది. పైగా ఈ తేడా తెలుగు క్రియలో ఎలాగూ ఉంది, వాడుకోండి. అంతేగానీ వచ్చీరాని తెలుగు పెట్టొద్దు, మన జిల్లా యాసా తగిలించొద్దు. డెట్రాయిట్ ముసలాయన శ్రీకాకుళం యాసలో మాట్లాడితే పాఠకుడి మనసు పలాసలో దిగిపోతుంది.

ఇద్దరు చాలాసేపు మాట్లాడుకోవాల్సిన సన్నివేశం ఉంటే నల్లజాతి ఆడవాళ్లు జుట్టు అల్లించుకునే జడల సెలూన్‌లో పెట్టండి. సన్నజడలు అల్లడానికి గంటలకి గంటలు పడుతుంది, కుర్చీలో కూర్చున్న మనిషి మధ్యలో లేచి పోలేదు.