బస్సులో మాట్లాడని నాన్న

ప్రశ్న: మాది కావలి. బాబుకి పదకొండేళ్లు. పోయిన నెల ఒంగోలులో అండర్-13 చెస్ టోర్నమెంట్ ఆడాడు. నాలుగో రౌండులో గెలిచే ఆటను స్టేల్‌మేట్ చేసుకున్నాడు. "చేతిలో క్వీన్ పెట్టుకుని డ్రా చేస్తావా, ఏందిరా నువ్వు! కోచింగుకి ఎంత పోస్తున్నానో తెలుసా?" అని మావారు అందరి ముందూ అరిచారు. ఆయనకు చెస్ రాదు. బస్సులో ఇంటి దాకా వాడితో మాట్లాడలేదు. అప్పట్నుంచి వాడు బోర్డు ముట్టడం లేదు. క్లాసు ఉన్న రోజు కడుపునొప్పి అంటాడు. మాన్పించేయమంటారా?

జవాబు: మాన్పించే సంగతి ఇప్పుడే తేల్చకండమ్మా. ముందు మీవారికి ఒక మాట చెప్పండి: వాడు ఓడిపోలేదు, అర పాయింట్ తెచ్చుకున్నాడు. స్టేల్‌మేట్ అంటే ఇదే: ఎదుటి రాజుకు చెక్ లేదు, కానీ కదలడానికి గడి లేదు, వేరే పావుకీ ఎత్తు లేదు. అంతే, ఆట డ్రా. ఇక గెలిచేశాం అనుకున్న తొందరలో పిల్లలు తరచూ పడే గొయ్యే ఇది. 2022లో మహాబలిపురం ఒలింపియాడ్‌లో పదహారేళ్ల గుకేశ్ కూడా ఉజ్బెకిస్తాన్ ఆటగాడు అబ్దుసత్తొరోవ్ మీద గెలిచేలా ఉన్న ఆటను పోగొట్టుకున్నాడు. అతనే 2024లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మీ బాబూ అవుతాడని కాదు, అంతటివాళ్లకీ చెయ్యి జారుతుందని చెబుతున్నాను.

వాడిని కుంగదీసింది ఆ డ్రా కాదనుకుంటాను. బస్సులో ఆ మౌనం. పైగా డబ్బు మాట ఒకటి. ఇప్పుడు బోర్డు చూస్తే వాడికి పావుల బదులు ఫీజులు కనిపిస్తుంటాయి. ఆ లెక్కలు మీ ఇద్దరి మధ్యే ఉంచుకోండి. కడుపునొప్పిని సాకు అనుకోకండి, పిల్లల భయం కడుపులోనే తెలుస్తుంది. అయినా ఒకసారి డాక్టరుకు చూపించండి.

కోచ్‌తో మాట్లాడి కొన్నాళ్లు క్లాసు ఆపండి. మళ్లీ ఆడతానంటే, హాలు బయటికి రాగానే "గెలిచావా?" అని అడగొద్దు. (హాలు బయట నిలబడే అమ్మానాన్నల టెన్షన్ నాకూ తెలుసు, లోపల పిల్లలకే నయం.) ముందు ఏదైనా తినిపించండి. ఆట సంగతి వాడే ఎత్తుతాడు, ఎత్తకపోయినా పర్వాలేదు.

ఇక మీవారు. "ఆ రోజు నేను అట్లా అరవకుండా ఉండాల్సింది నాయనా" అని ఆయనే వాడితో అనాలి, మీరు మధ్యవర్తిగా చెబితే సరిపోదు. మాట పెగలకపోతే ఒక ఆదివారం బోర్డు తీసి, గుర్రం ఎట్లా నడుస్తుందో నేర్పమని వాడిని అడగమనండి. ఆయనకు చెస్ రాకపోవడం ఇక్కడ కలిసొస్తుంది.