బిజినెస్ అనలిస్ట్ కావాలంటే ముందు ఏ టూల్స్ నేర్చుకోవాలి?

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. కామర్స్ చదివాను, కోడింగ్ రాదు. బిజినెస్ అనలిస్ట్ అవుదామనుకుంటే ఒక్క ఉద్యోగ ప్రకటనలోనే ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, టాబ్లో, జిరా, విజియో, పైథాన్ అంటూ పద్నాలుగు పేర్లు కనిపించాయి. చూడగానే టెన్షన్ పట్టుకుంది. ముందు ఏవి నేర్చుకోవాలి? నాకున్న మ్యాక్ ల్యాప్‌టాప్ సరిపోతుందా?

జవాబు: పద్నాలుగు నేర్చుకునే పని పెట్టుకోకండి. వేర్వేరు టీమ్‌లు వాడేవన్నీ కలిపి ప్రకటనలో రాసేస్తుంటారు, కొత్తగా చేరేవాళ్లకు అవన్నీ వచ్చి ఉండాలని ఎవరూ అనుకోరు. మొదటి కొన్ని నెలలు ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, ఫ్లో డయాగ్రమ్ గీసే టూల్ ఒకటి, ఈ మూడింటి మీదే కూర్చోండి.

ఎక్సెల్ వచ్చని రెజ్యూమెలో అందరూ రాస్తారు. కోడ్ ఇస్తే దాని ధరలాంటి వివరాన్ని పట్టికలోంచి వెతికి తెచ్చే ఫార్ములా వీలుకప్. అందులో చివరి ఆర్గ్యుమెంట్, అంటే బ్రాకెట్లలో ఆఖరున ఇచ్చే విలువ, రాయకుండా వదిలేస్తే ఏమవుతుందని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. వదిలేస్తే అది మీరడిగిన కోడ్ దొరక్కపోయినా దగ్గర్లో ఉన్నదేదో పట్టుకొచ్చి పెట్టేస్తుంది, చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు, దాంతో వేరే వస్తువు ధర మీ రిపోర్టులో సరైనదానిలాగే కూర్చుంటుంది. అక్కడ ఫాల్స్ అని రాయడం అలవాటు చేసుకోండి, లేదంటే కొత్త వెర్షన్లలో ఉన్న ఎక్స్‌లుకప్ వాడండి, అది మామూలుగానే కచ్చితంగా సరిపోయేదాన్నే వెతుకుతుంది. ఆ తర్వాత వరుసలన్నిటినీ వర్గాలవారీగా కూడి చూపించే పివట్ టేబుల్, దాని తర్వాత పవర్ క్వెరీ. నెలనెలా ఒకే రకం ఫైలు వస్తుంటే దాన్ని శుభ్రం చేసే మెట్లన్నీ పవర్ క్వెరీ గుర్తుపెట్టుకుంటుంది, వచ్చే నెల రిఫ్రెష్ నొక్కితే చాలు.

ఎక్సెల్ ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలిసి ఉండాలి. ఇప్పటి షీట్‌లో 10,48,576 వరుసలు పడతాయి, పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో 65,536 మాత్రమే. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ పరీక్షల ఫలితాలను ఆ పాత ఫార్మాట్ ఫైళ్లలోకి తెచ్చుకోవడంతో, పట్టనివి రాలిపోయి దాదాపు 16,000 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు, వాళ్లను కలిసినవాళ్లను వెతకడం కూడా ఆలస్యమైంది. ఫైలు తెరవగానే ఎన్ని వరుసలు రావాలో, ఎన్ని వచ్చాయో సరిచూసుకోమని నేను అందరికీ పదేపదే చెప్పేది ఇందుకే.

ఇక ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌లోంచి కావలసిన సమాచారాన్ని అడిగి తీసుకునే భాష. కోడింగ్ రాదని భయపడుతున్నారు గానీ, ఇది కోడింగ్ కంటే ప్రశ్న అడగడానికే దగ్గర. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఉచితం, దాన్ని తెరిచి చూసే డీబీ బ్రౌజర్ కూడా ఉచితమే, రెండూ మ్యాక్‌లో పనిచేస్తాయి. ఏ కాలమ్‌లు కావాలో చెప్పే సెలెక్ట్, ఏ వరుసలు కావాలో చెప్పే వేర్, వరుసల్ని గుంపులుగా చేసే గ్రూప్ బై వారం పది రోజుల్లో చేతికొస్తాయి. నిదానంగా నేర్చుకోవాల్సింది రెండు టేబుళ్లను కలిపే జాయిన్. ఒక ఆర్డర్ విలువ 1,000 అనుకోండి, కస్టమర్ దాన్ని 600, 400 చొప్పున రెండు విడతల్లో కట్టాడు. ఆర్డర్ల టేబుల్‌ని చెల్లింపుల టేబుల్‌తో జాయిన్ చేస్తే ఆ ఆర్డర్ రెండు వరుసల్లో వస్తుంది, ఆర్డర్ విలువ కాలమ్ కూడితే 2,000 అవుతుంది. క్వెరీలో తప్పేమీ కనిపించదు, అమ్మకాలు మాత్రం పెరిగినట్టుంటాయి. ఈ చిన్న టేబుళ్లు రెండూ మీరే తయారుచేసి, ఆ 2,000 ఒకసారి కళ్లారా చూడండి, ఇక ఎప్పటికీ మర్చిపోరు.

మూడోది బొమ్మ. విజియో కొనక్కర్లేదు, డ్రా.ఐఓ ఉచితం. అమ్మిన వస్తువు వాపసు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో గీయండి: వస్తువు వచ్చింది, ఎవరో పరీక్షించారు, పాడైందా లేదా అన్నచోట డైమండ్ (నిర్ణయం తీసుకునే చోటికి గుర్తు) పెట్టారు. "లేదు" అన్న బాణం డబ్బు తిరిగివ్వడానికి వెళ్తుంది. "అవును" అన్న బాణం ఎక్కడికెళ్లాలో మీటింగ్‌లో ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలుస్తుంది, అది గీసేదాకా మీకూ తట్టదు. బిజినెస్ అనలిస్ట్ పని మొదలయ్యేది సరిగ్గా అక్కడే, ఆ ఖాళీ బాణం పట్టుకుని వెళ్లి అడగడం.

టీమ్ చేయాల్సిన పనులు రాసి, ఎంతవరకు వచ్చాయో చూసుకునే జిరాలో బటన్లు ఒకట్రెండు రోజుల్లో వచ్చేస్తాయి, చిన్న టీమ్‌లకు ఉచిత ప్లాన్ కూడా ఉంది కాబట్టి అందులోనే సాధన చేయొచ్చు. కష్టమంతా అందులో ఏం రాస్తామన్నదే. "కస్టమర్ ఆర్డర్ రద్దు చేసుకోగలగాలి" అని రాసి వదిలేస్తే డెవలపర్ ఏం కడతాడు? ఎప్పటిదాకా రద్దు చేయొచ్చు, పార్సిల్ బయల్దేరాక కూడానా, డబ్బు ఏ ఖాతాకి వెళ్తుంది, సగం ఆర్డర్ రద్దు చేయొచ్చా, ఇవన్నీ యాక్సెప్టెన్స్ క్రైటీరియాలో, అంటే పని పూర్తయిందనడానికి తీరాల్సిన షరతుల జాబితాలో, ఉండాలి. రోజూ వాడే ఏదైనా యాప్ తీసుకుని ఇలాంటివి పది రాసి చూసుకోండి.

పైథాన్ ఇప్పుడు వద్దు. ఉద్యోగంలో చేరాక అవసరం కనిపిస్తే అప్పుడు చూసుకోవచ్చు.

మ్యాక్ సంగతి: ఎక్సెల్ నడుస్తుంది గానీ పవర్ క్వెరీలో విండోస్‌లో ఉన్నన్ని సౌకర్యాలు ఉండవు. డేటాను చార్టులుగా, డాష్‌బోర్డులుగా చూపించే పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్‌కి మాత్రమే. దానికోసం ఇంకో ల్యాప్‌టాప్ కొనకండి, డాష్‌బోర్డులు నేర్చుకోవడానికి టాబ్లో పబ్లిక్ మ్యాక్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఒకదాంట్లో చేయి తిరిగితే రెండోది పట్టుకోవడం తేలికే. ఒక్క జాగ్రత్త, అక్కడ పబ్లిష్ చేసినవి అందరికీ కనిపిస్తాయి, కాబట్టి ఇంటర్న్‌షిప్‌లో చేతికొచ్చిన కంపెనీ డేటా అందులో అస్సలు పెట్టకండి.